వడ్ల కుప్ప మీద హీరోయిన్

“ఏమన్న అయితే?” అన్నది సుగుణమ్మ.

అప్పటికి ఏమీ కాలేదు. కోదాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న కూతురు గ్రేస్ ఫోన్ చేసి, ఒక పాట వీడియోలో హీరోయిన్‌గా చేయమని అడుగుతున్నారని చెప్పింది, అంతే. సుగుణమ్మకు ఆ మాట ఊపిరితో పాటు వస్తుంది. గ్యాస్ పొయ్యి వెలిగించే ముందు ఒకసారి, సూర్యాపేట బస్టాండులో బస్సెక్కే ముందు ఒకసారి, తను ఆయాగా చేసే అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పెట్టే ముందు గుడ్డుకొకసారి అంటుంది. ఏడో తరగతితో చదువు మానేసింది కూడా ఎనిమిదిలో ఏమన్నా అవుతుందేమోననే.

“ఏమైతదే అమ్మా? మూడున్నర నిమిషాల పాట.”

“పాటల నువ్వేం చెయ్యాలె?”

“సచ్చిపోవాలె.”

సుగుణమ్మ చేతిలో గరిటె పొయ్యి కింద పడింది.

“నిజంగ కాదే! నా ఫోటోకు దండేస్తరు. పాత సినిమా రిఫరెన్స్ అది.”

“రిఫరెన్సంటే?”

“పాత సినిమాల సీన్ తీస్కొని మన పాటల పెడ్తరు. తెలిసినోళ్ళు గుర్తువడ్తరు.”

“గుర్తువడితే దొంగతనమంటరు గదే.”

“అది కాపీ అయితే. తెలిసే చేస్తే రిఫరెన్స్.”

“దొంగలు గూడ తెలిసే చేస్తరు,” అన్నది సుగుణమ్మ. “సరే, మీ డాడీకి ఏం చెప్పాలె?”

ఆ ప్రశ్నకు ఇద్దరి దగ్గరా రిఫరెన్స్ దొరకలేదు.

దానియేలు మిర్యాలగూడలో ఒక టాకీసులో ఇరవై రెండేళ్ళు ఆపరేటరుగా చేశాడు. రీళ్ళ కాలం పోయి డిజిటల్ వచ్చాక యజమాని టాకీసును ఫంక్షన్ హాలు చేశాడు. మిషన్లను పాత ఇనుముకు వేశాడు. ఆపరేటరును ఎందులో వేయాలో తెలియక వదిలేశాడు. ఇప్పుడు దానియేలు సూర్యాపేట హైవే మీద పెట్రోలు బంకులో పైపు పట్టుకుని, రోజుకు రెండు మూడు వందల మందితో “జీరో సూడుండ్రి” అంటాడు. అవి కాక వేరే మాటలు ఆడటం అతనికి పెద్దగా ఇష్టం లేదు. సినిమా పేరెత్తితే అసలే ఇష్టం లేదు. తెర మీద ఆడపిల్ల కనపడగానే నేల టిక్కెట్టు వాళ్ళు ఏమేం కూతలు కూసేవారో పైన మిషను గది కిటికీలోంచి ఇరవై రెండేళ్ళు విన్న చెవులు అవి. “నా ఇంట్ల ఆడపిల్ల ఆ తెర మీదికి పోతే నా లెక్కల అది సచ్చినట్టే” అని గ్రేస్ పదో తరగతిలో ఉన్నప్పుడే తేల్చి చెప్పాడు. తండ్రీ కూతుళ్ళు ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టే మనుషులు. సుగుణమ్మకు అదే భయం. ప్రాణం పెట్టేవాళ్ళు మాట మానేస్తే మళ్ళీ కలపడం ఎవరి వల్లా కాదు.

అందుకని ఆమె తనకు తెలిసిన ఒకే ఒక తెలివైన పని చేసింది. మొగుడికి చెప్పలేదు.

కూతురిని ఒంటరిగా పంపితే ఏమన్నా అవుతుందని తనూ షూటింగుకు బయల్దేరింది. నిడమనూరు అవతల ఉప్పలయ్య అనే ఆయన గొర్ల దొడ్డి దగ్గర షూటింగ్. డైరెక్టరు పేరు మధు. కోదాడలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో కళాకారుడు. ముప్పై ఏళ్ళుంటాయి, తలకు పిలక, మెడలో రెండు కెమెరాలు.

ఎండ మాడు పగలగొడుతోంది. హీరో మోకాళ్ళ దాకా నల్ల కోటు తొడుక్కుని, చలువ అద్దాలు పెట్టుకుని, గొర్రెల మందలోంచి నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. గొర్రెలు అతని కంటే సహజంగా చేస్తున్నాయి.

“ఈయనకు ఎండ దెబ్బ తగిలితే?” అన్నది సుగుణమ్మ.

“ఇది హాంకాంగ్ గ్యాంగ్‌స్టర్ సినిమాలకు రిఫరెన్స్ అండి ఆంటీ,” అన్నాడు మధు ఎంతో ఓపికగా. “వాళ్ళు హీరో వెనక పావురాలు ఎగరేస్తారు. మనకు పావురాలు దొరకలేదు, గొర్రెలు పెట్టాం.”

“గొర్లు ఎగురయి సారూ,” అన్నాడు ఉప్పలయ్య. మంద ఆయనది. చెప్పడం బాధ్యత అనుకున్నాడు.

“ఎగరకపోవడమే పాయింటు. దీన్ని పోస్ట్ మోడర్న్ అంటారండి.”

“గదేంది?”

“మోడర్న్ అయిపోయాక వచ్చేది.”

ఉప్పలయ్య తల గోక్కున్నాడు. “మా ఊరికి మోడరనే ఇంక రాలే సారూ. గిది ముందుగల్ల ఎట్లొచ్చింది?”

మధు చేతిలో గొడుగు సరిచేసుకున్నాడు. ఆ గొడుగు ఎర్రది. అదీ రిఫరెన్సే. తడవడానికి వాన లేని చోట ఎర్ర గొడుగు ఎందుకని అడిగితే ఏదో ఫ్రెంచి సినిమా పేరు చెప్పాడు. గ్రేస్ ఎడ్లబండి మీద నిలబడి గాజులు విసిరేసింది, అదొక పాత సినిమా. రైలు పట్టాల బదులు కాలువ గట్టు మీద పరుగెత్తింది, అదింకొకటి. మొత్తం పాటలో పాట వాళ్ళది తప్ప ఇంకేదీ వాళ్ళది కాదని సుగుణమ్మకు అర్థమయింది. ఆ పాట కూడా ఎక్కడో విన్నట్టే ఉంది.

“పాత తెలుగు సినిమాల సీన్లన్నీ మీ అమ్మాయే చెప్పారండి,” అన్నాడు మధు. “నెట్‌లో వెతికితే పోస్టరు కూడా దొరకదు. ఎవరికీ తెలియనివి. అద్భుతం!”

“ఎవలకూ తెల్వకపోతే గుర్తెవలు వడ్తరు బాబూ?”

“పట్టేవాళ్ళు పడతారండి.”

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫ్లెక్సీ విప్పారు. మంచమంత ఫ్లెక్సీ. మధ్యలో గ్రేస్ నవ్వు ముఖం, చుట్టూ గులాబీ దండ. పైన ‘కన్నీటి నివాళి’. కింద ‘కుమారి గ్రేస్, మే పదవ తేదీన ప్రభువునందు నిద్రించినది’. ఇంకా కింద ‘ఇట్లు, శోకతప్త కుటుంబ సభ్యులు’. ఆ కుటుంబ సభ్యుల్లో తనొకతె.

“అసలు పేరెందుకు పెట్టిండ్రు బాబూ?”

“నిజం, కథ కలిసిపోవాలండి.”

“మరి తారీకు?”

“పాట రిలీజయ్యే రోజు ఆంటీ. పాట పుట్టిన రోజే పాత్ర పోయిన రోజు. రెండు లేయర్లు.”

సుగుణమ్మకు ఒక్క లేయరే కనిపించింది. దాని మీద కూతురి పేరు ఉంది. షాటు అయ్యే దాకా కళ్ళు మూసుకుని యేసయ్యా యేసయ్యా అనుకుంటూ నిలబడింది. అయిపోగానే, “దీన్ని చింపి కాలవెట్టు బాబూ, నీకు దండం పెడ్త” అన్నది.

“అయ్యో, మంచి మందం బట్టక్కా,” అన్నాడు ఉప్పలయ్య. “మా వడ్లకు పట్టాలు సాల్తలేవు. కొనుగోలు సెంటర్ల పోసినంక వానొస్తే ఆగమైతం. గిది నాకియ్యుండ్రి.”

రోజంతా గొర్రెలను, దొడ్డిని, మంచినీళ్ళను ఉచితంగా ఇచ్చినవాడు అడుగుతున్నది ఒక్క ఫ్లెక్సీ. కాదంటే ఆయన ఉసురు తగిలి ఏమన్నా అయితే? “తిరగేసి కప్పు అన్నా. మొఖం లోపటికి ఉండాలె,” అన్నది సుగుణమ్మ.

“గట్లనే అక్కా,” అన్నాడు ఉప్పలయ్య, ఫ్లెక్సీ మడత పెట్టుకుంటూ.

పది రోజులకు టీజరు వచ్చింది. పదిహేను సెకన్లు. బంకులో దానియేలు పక్కన గాలి కొట్టే కుర్రాడి ఫోనులో పడింది. సాయంత్రం దానియేలు ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి అన్నాడు: “నాకు బిడ్డ లేదు. సచ్చిపోయింది.”

“ఎందుకట్ల అంటవ్? దేవదూతలు తథాస్తు అంటే?” అని తన మతంలో లేని భయం కూడా అరువు తెచ్చుకుని ఏడ్చింది సుగుణమ్మ.

ఆ రోజు నుంచి దానియేలు కూతురితో మాట్లాడలేదు. గ్రేస్ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసేది. సుగుణమ్మ స్పీకరు పెట్టి ఫోను అతని కంచం పక్కన ఉంచేది. “డాడీ” అని వినపడగానే అతను కంచం పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలం వచ్చింది, పోయింది. ప్రభువు మూడోనాడే లేచాడు. దానియేలు నోరు లేవలేదు. పాలకీడు నుంచి అతని అక్క మార్తమ్మ ఫోన్ చేసి మేనకోడలు ఎట్లుందని అడిగితే కూడా, “అది సచ్చిపోయింది అక్కా, దాని మాటెత్తకు” అని పెట్టేశాడు. కోపంలో అన్నాడని మార్తమ్మకు తెలుసు. తెలిసిన సంగతి ఎంతకాలం గుర్తుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

మే పదో తారీకు వచ్చింది. పదకొండింటికి పాట రిలీజు. దానియేలుకు మధ్యాహ్నం డ్యూటీ, పెరట్లో స్నానం చేస్తున్నాడు. సుగుణమ్మ కూరగాయలు తరుగుతోంది. వీధి మొదట్లో ఆటో ఆగిన చప్పుడు, ఆ వెంటనే కేక.

“ఓ నా కోడలా! ఓ నా బంగారు కోడలా! పెండ్లి సూడకుండనే పోయినవా నా తల్లీ!”

మార్తమ్మ. చేతిలో తెల్లచీర, పూలదండ. వెనక ఇంకో ఆటో, అందులో చర్చి పాస్టరు సత్యానందం అయ్యగారు, నలుగురు ఆడవాళ్ళు, కీర్తనల పుస్తకాలు. ఆ వెనక రెండు బైకులు.

ఇన్నేళ్ళు సుగుణమ్మ గడపలో కూర్చుని ఎదురుచూసిన ఆ ‘ఏమన్నా’ ఆటో దిగి ఇంటికే వచ్చింది. ఆమె ఫోను తీసి గ్రేస్‌కు చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. ల్యాబులో డ్యూటీ అప్పుడు ఫోను డ్రాయర్లో పెడుతుందని తెలుసు. తెలిసీ చేసింది, చేస్తూనే ఉంది.

దానియేలు చొక్కా ఒక చేతికే తొడుక్కుని పెరటి గుమ్మంలోకి వచ్చాడు. మార్తమ్మ అతని మెడ పట్టుకుని వేలాడింది. “ఎట్లయింది తమ్మీ? నిన్నటిదాంక మంచిగుండె గదరా పిల్ల!” అతను గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. రెండో చేయి తొడుక్కోలేదు. రెండు నెలలకు పైగా తనే అంటున్న మాటను అందరూ వచ్చి అతనికే చెబుతుంటే, ఆ మాట ఎంత బరువో అప్పుడే తెలిసినవాడిలా చూశాడు.

“ఎవలు సెప్పిండ్రు వదినె?” అన్నది సుగుణమ్మ.

మార్తమ్మ ఏడుస్తూనే ఫోను చూపించింది. పాలకీడు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో. పొద్దున నిడమనూరు వైపు బైకు మీద పోతున్న సంఘపెద్ద ఒకాయన తీసి, ‘అందరూ ప్రార్థించండి’ అని పెట్టాడట. పేరూ మనదే, ముఖమూ మనదే, తారీకు ఈరోజే.

సుగుణమ్మ ఫోనును కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. కూతురి నవ్వు ముఖం. నుదుటి మీద ఒక ఇటుక. రెండు భుజాల మీద రెండు ఇటుకలు. ఫ్లెక్సీ అంచు కింద నుంచి తడిసిన వడ్లు. గులాబీ దండ మీద ఒక కుక్క ముడుచుకుని పడుకుంది. రాత్రి వాన పడింది. తిరగేసి కప్పితే నీళ్ళు నిలుస్తాయని ఉప్పలయ్య నున్నటి వైపు పైకి వేసి ఉంటాడు. రైతుగా ఆయన చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని.

“బతికే ఉన్నది!” అని అరిచింది సుగుణమ్మ. “ఇది వడ్ల కుప్ప! పాటది! నా బిడ్డకు ఏం గాలే!”

ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్ళలో ఒకామె, “షాకుల ఉన్నది, మంచినీళ్ళు తాపుండ్రి” అన్నది. ఇంకొకామె విసనకర్ర అందుకుంది. వాళ్ళను అని లాభం లేదు. సుగుణమ్మ బతుకంతా ఏదో అయిందని చెప్పింది, అందరూ నమ్మారు. ఏమీ కాలేదని చెప్పడం ఇదే మొదటిసారి. నమ్మడానికి ఎవరికీ అలవాటు లేదు. ఆఖరికి దానియేలు కూడా ఆమె ముఖంలోకి చూసి, ఇది నిజమయ్యే మాట కాదన్నట్టు కళ్ళు దించుకున్నాడు.

బయట బైకుల వాళ్ళు పెట్టె సూర్యాపేటలోనే చేయించాలా, కోదాడ నుంచి శరీరంతో పాటే వస్తుందా అని తర్కించుకుంటున్నారు. ఒకతను టెంటు వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“సిస్టర్, స్థిరంగా ఉండండి,” అన్నారు సత్యానందం అయ్యగారు. “పాట అంటున్నారు. ఏ పాట?”

పదకొండు గంటలు దాటింది. సుగుణమ్మ ఫోనులో గ్రేస్ పొద్దున పంపిన లింకు ఉంది. దాన్ని నొక్కింది. అప్పటికి చూసినవాళ్ళు పదకొండు మంది, అందులో మధు బంధువులు ఎందరో తెలియదు. చావింటికి వచ్చినవాళ్ళంతా తలలు కలిపి మూడున్నర నిమిషాల ప్రేమ పాట చూశారు. తప్పు అని తెలిసి కూడా ఒకామె కాలితో తాళం వేసింది. ఫ్లెక్సీ వచ్చిన చోట అయ్యగారు ఆపి, వాట్సాప్ ఫోటో పక్కన పెట్టి చూసి, “అదే ఇది” అన్నారు. మనిషి బతికి ఉందనడానికి అది సాక్ష్యమో కాదో చెప్పలేకపోయారు.

“ఇటియ్యుండ్రి,” అన్నాడు దానియేలు.

ఫోను తీసుకుని మొదటి నుంచి పెట్టాడు. కూర్చున్నచోటే, చొక్కా ఒక చేతికి వేలాడుతుండగా చూశాడు. ఎడ్లబండి మీద గ్రేస్ గాజులు విసిరింది. అతని పెదాలు కదిలాయి.

“ఇది మా టాకీసుల డెబ్బై రోజులు ఆడింది,” అన్నాడు. ఎవరితోనో కాదు, ఫోనుతో. కాలువ గట్టు వచ్చింది. “ఇది రెండు వారాలే. రీలు తెగి తెగి సంపింది.” ఫ్లెక్సీ వచ్చింది. అక్కడ వేలు పెట్టి ఆపాడు. “ఈ సినిమాల బిడ్డ మాట వినలేదని తండ్రే బతికున్న పిల్ల ఫోటోకు దండేస్తడు. ఇంటర్వెల్. పిల్ల సావదు. ఇంటర్వెల్ తర్వాత తిరిగొస్తది.”

“ఈ బొమ్మలన్ని పిల్లకెట్ల తెలిసినయ్ రా?” అన్నది మార్తమ్మ ముక్కు చీదుకుంటూ.

సుగుణమ్మకు తెలుసు. మిర్యాలగూడ కిరాయి ఇంట్లో కరెంటు పోయిన ప్రతిసారీ, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని దానియేలు తను ఆడించిన బొమ్మల కథలు చెప్పేవాడు. ఏనాడూ ఒక్క కథ పూర్తి కాలేదు. ఇంటర్వెల్ వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. పాటలో ఉన్నవన్నీ అక్కడి దాకానే ఉన్నాయి.

“అన్ని మంచిగనే ఉన్నయి గాని తమ్మీ,” అన్నది మార్తమ్మ, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, “పాట ఎన్నడో తీసిండ్రు గదా. ఆ తర్వాత ఏమన్న అయితే?”

తన మాట ఇంకొకరి నోట వినేసరికి సుగుణమ్మకు ఒళ్ళు మండింది. అదే సమయానికి ఆమె ఫోను దానియేలు చేతిలోనే మోగింది. తెర మీద గ్రేస్ పేరు. మార్తమ్మ కెవ్వుమని రెండడుగులు వెనక్కి వేసి పాస్టరుగారి పాదం తొక్కింది.

దానియేలు ఫోనును సుగుణమ్మ వైపు చాచాడు. ఆమె తీసుకోలేదు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.

“నాకు బిడ్డ లేదంటివి గద. ఎవలో ఎత్తి అడుగు,” అన్నది.

అయ్యగారు చూస్తున్నారు. పది మంది చూస్తున్నారు. దానియేలు ఎత్తాడు. ఆకుపచ్చ గుర్తు నొక్కబోయి స్పీకరు కూడా నొక్కాడు.

“అమ్మా! ఇన్ని మిస్డ్ కాల్సేందే? మళ్ళ ఏమన్న అయిందనుకున్నవా?” గ్రేస్ గొంతు గది నిండా పరుచుకుంది. ఆడవాళ్ళలో ఒకామె స్తోత్రం అన్నది మెల్లగా. “పాట సూసినవా? మధుగారు కామెంట్లు సూసి ఏడుస్తున్నరు. కాపీ అంటున్నరంట. ఒక్కలకు గూడ ఏ సినిమానో తెలుస్తలే.” కాస్త ఆగింది. “అమ్మా, డాడీ సూసిండా?”

బయట టెంటు వాళ్ళ ట్రాలీ వచ్చి ఆగింది. ఎవరో వాళ్ళను చేయి అడ్డుపెట్టి ఆపారు. దానియేలు ఫోను కింద పెట్టి వాకిట్లోకి పోతే? పోతే ఇక ఈ జన్మకు అంతే. సుగుణమ్మ కాళ్ళు చాపుకుని గడపకు అడ్డంగా కూర్చుంది.

“సూడలే కదా,” అన్నది గ్రేస్. “తెలుసులే. సూస్తే ఆయన ఒక్కడే గుర్తువడ్తడని పెట్టిన. పోనీ.”

అవతల ల్యాబులో ఎవరో టోకెను నంబరు పిలుస్తున్నారు. గ్రేస్ వస్తున్నానని చెప్పింది, కానీ ఫోను పెట్టలేదు. ఇవతల గదిలో కీర్తనల పుస్తకాలు ఒళ్ళో మూసి పెట్టుకుని అందరూ నేల చూపులు చూస్తున్నారు. మార్తమ్మ చేతిలో తెల్లచీరను నెమ్మదిగా సంచీలోకి కుక్కుతోంది.

“అమ్మా, ఉన్నవా?” అన్నది గ్రేస్.

“సూసిన,” అన్నాడు దానియేలు. “సూసిన బిడ్డా.”